బి.ఏ.లో మొక్కల చదువు అడిగిన మేడం

నాకు వృక్షశాస్త్రం చెప్పిన మేడం పోయారని నిన్న బడిలో ఉండగా కబురొచ్చింది. సగంలో ఉన్న పాఠం పూర్తి చేశాను. పిల్లలు వెళ్ళాక తరగతిలోనే కుర్చీలో కూర్చుండిపోయాను. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఎనభైల్లో సిద్దిపేటలో డిగ్రీలో చేరేటప్పుడు నాకు తెలుగు సాహిత్యమూ కావాలి, మొక్కల చదువూ కావాలి. ఒకే డిగ్రీలో రెండూ కుదరవన్నారు. బి.ఏ.లో చేరాను. కానీ క్లాసులయ్యాక వెళ్ళి వృక్షశాస్త్రం ల్యాబు తలుపు దగ్గర నిలబడేదాన్ని. ఒకరోజు మేడం చూశారు.

"గాడ నిలవడితే ఏం కనవడ్తది? లోపలికి రా."

అప్పటినుంచి వెనక బల్ల నాదయింది. ఏది చూపించినా, "ముందుగాల సూడు, పేరు తర్వాత" అనేవారు. ఒకసారి తామర కాడను పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. "ఇగ నీ తెలుగుల చెప్పు."

"వాకిళ్ళు లేని ఇండ్లు మేడం" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి మళ్ళీ తనే చూశారు. "ఇన్నేండ్లు నేను గాలి గదులనే చెప్పిన" అన్నారు మెల్లగా.

మా బాపుది స్టీలు సామాన్ల దుకాణం. "మార్కులు రాని సదువుకు పొద్దుగూకేదాంక గాడెందుకు?" అని నన్ను కాలేజీ మాన్పించబోయాడు. మేడం దుకాణానికే వచ్చారు.

"మార్కులు వచ్చేటట్టు యూనివర్సిటీల అడుగుత సేటూ. అప్పటిదాంక పిల్లను ఆపకుండ్రి."

బాపు ఆమెకు స్టూలు వేసి, చాయ్ తెప్పించాడు. "మీ మాట మీద పంపుత" అన్నాడు.

సెలవు దొరికినప్పుడల్లా మేడం బస్సెక్కి హైదరాబాదు పోయి, బి.ఏ.లో మొక్కల చదువూ పెట్టమని అడిగేవారు. సైన్సు సైన్సే, ఆర్ట్స్ ఆర్ట్సే అని తిప్పి పంపేవాళ్ళు. ఈలోగా నా చదువు అయిపోయింది. వట్టి బి.ఏ. పట్టానే చేతికొచ్చింది. మేడం మళ్ళీ దుకాణానికి వచ్చారు. "మాట నిలవెట్టుకోలేకపోయిన" అన్నారు.

"పోనియ్యిండ్రి మేడం" అన్నాడు బాపు. "బీరకాయ కోసుకుంట గూడ పిల్ల ఏదో ఒకటి చెప్తది. దుకాణం బందువెట్టి ఇంటికి జల్ది పోతున్న, ఇందామని."

నేను కుకునూరుపల్లిలో తెలుగు పంతులమ్మనయ్యాను. మేడం రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నారు. ఆ కోర్సు మాత్రం రాలేదు. కిందటిసారి కలిసినప్పుడు మంచంలోంచి లేవలేకపోయారు.

"అడిగి అడిగి యాష్టొచ్చింది బిడ్డా."

"ఎప్పుడో మానేస్తే అయిపోయేది గద మేడం."

"మానేస్తే వాళ్ళకు నిమ్మళమైతుండె. గదొక్కటి నాకిష్టం లేకుండె."

పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. మేడం ముఖంలో ఇంకా అలసట ఉంది. పాదాల దగ్గర వేయమని ఎవరో నా చేతిలో ఒక బంతిపువ్వు పెట్టారు. నాకు తెలియకుండానే నా వేళ్ళు దాన్ని విప్పేశాయి. ఒక్క బంతిలో ఇమిడి ఉండే చిన్న చిన్న పువ్వులన్నీ విడివిడిగా అరచేతిలో రాలాయి. వెనకవాళ్ళు జరగమంటున్నారు. ఒక్కటీ కిందపడకుండా రెండు చేతులూ దోసిలి పట్టి, అక్కడే నిలబడిపోయాను.