యాదయ్య కార్డు మీద చదివిందెవరు?

ఐటీ కంపెనీలు పుట్టగొడుగుల్లా వెలుస్తున్న రోజులవి. ఒక జూన్ నెలలో, మొయినాబాద్ శాఖా గ్రంథాలయంలో గ్రేడ్-3 గ్రంథపాలకుడిగా ఉన్న నన్ను డెప్యుటేషన్ మీద హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పంపారు. పాఠకులకు నచ్చే పుస్తకాలను సూచించే వెబ్‌సైట్ వాళ్లు తయారు చేస్తున్నారు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో రాసే మా ఇష్యూ రిజిస్టరును కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఒకే పుస్తకం తీసుకున్నవాళ్ల అభిరుచి ఒకటేనని ఎంచి, ఒకరు చదివింది ఇంకొకరికి సిఫారసు చేయడం ప్రోగ్రాం పని.

మొదటి పరీక్షలోనే మా పరువు పోయింది. చిల్కూరులో గులాబీలు పండించే యాదయ్య కార్డు మీద పూల తెగుళ్ల పుస్తకమూ, వరసగా డిటెక్టివ్ నవలలూ ఉన్నాయి. అవే నవలలు తీసుకున్న ఇంకెవరి కార్డు మీదో ఉందని, ప్రోగ్రాం ఆయన్ని సబ్బుల తయారీ పుస్తకం చదవమంది! ప్రాజెక్టు మేనేజరు నవ్వేసి, మొయినాబాద్‌ను గ్రంథాలయాల జాబితాలోంచి తీసేద్దామన్నాడు. తీసేస్తే ఆ వెబ్‌సైట్‌లో మా పల్లెల పాఠకులే ఉండరు. నాకు ఒళ్లు మండింది. వారం గడువు అడిగి, నేరుగా యాదయ్య ఇంటికి వెళ్లాను.

"కార్డు ఆయనదే సారూ. తెగుళ్ల పుస్తకమొక్కటే ఆయన చదివిండు. నవలలు నేను పైకి చదువుత, మా అత్త వింటది," అంది ఆయన భార్య లక్ష్మి.

"నాకు అక్షరం ముక్క రాదు బిడ్డా," అంది అత్త బాలమ్మ. "గని ఏ పుస్తకం తేవాల్నో నేనే చెప్త. ఏడుపు కథలు తెస్తే తెల్లారే వాపస్ పంపిస్త."

తప్పు ప్రోగ్రాంది కాదు, నాది. ఇన్నేళ్లూ కార్డు మీది పేరే రాశాను తప్ప, పుస్తకం ఎవరి కోసమని ఒక్కనాడూ అడగలేదు. ఆ వారమంతా ఊళ్లు తిరిగి, రిజిస్టరులో 'ఎవరి కోసం' అనే గడి చేర్చి నింపాను. చదవడం రాని మనిషి పాఠకురాలెట్లా అవుతుందని మేనేజరు అడిగాడు. నచ్చని పుస్తకాన్ని మర్నాడే తిప్పి పంపే ఆవిడకంటే ఖచ్చితమైన పాఠకులు మీ దగ్గర ఎవరున్నారని నేనడిగాను. మళ్లీ నడిపితే, ప్రోగ్రాం బాలమ్మకు మూడు పుస్తకాలు చూపించింది. మూడింటినీ ఆవిడ ఆఖరిదాకా వింది, ఒక్కటీ తిప్పి పంపలేదు. మొయినాబాద్ జాబితాలో నిలిచింది.

తర్వాత బాలమ్మ పేరిట సభ్యత్వ దరఖాస్తు నింపాను.

"సదువు రానిదానికి కార్డెందుకు బిడ్డా?" అంటూనే సంతకం చోట వేలిముద్ర వేసింది.

నా సర్వీసులో వేలిముద్రతో ఇచ్చిన మొదటి కార్డు అదే. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. రిజిస్టరులో ఉన్నది పుస్తకం మోసుకెళ్లినవాళ్ల పేరు. పాఠకులెవరో తెలియాలంటే గ్రంథపాలకుడు బల్ల వదిలి వెళ్లి అడగాలి.