ఏడో అలకు లేవాలి

అలల మీద సర్ఫింగ్ బోర్డు వేసుకుని నిలబడడానికి కూడా జనం డబ్బులిస్తారంటే మా శంషాబాద్‌లో పగలబడి నవ్వే రోజులవి. సముద్రాన్ని సినిమాల్లో తప్ప చూడని నేను ఆ విద్యకు గురువునయ్యాను. మా అక్కను చేసుకున్న బావది విశాఖ వైపు. గగన్‌పహాడ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి, సొంతూరి బీచిలో మూడు బోర్డులు కిరాయికి పెట్టి, పాఠాలు చెప్పడానికి నన్ను తీసుకెళ్లాడు. (ఈత వచ్చా అని ఆయన అడగలేదు, రాదని నేను చెప్పలేదు.)

నా ధైర్యమంతా లెక్కల మీదే. వారం రోజులు ఒడ్డున కూర్చుని అలలు లెక్కపెట్టి, ప్రతి ఏడో అల పెద్దదని తేల్చాను. ఆరు వదిలెయ్యాలి, ఏడోదానికి లేవాలి. ఈ పద్ధతిలో పదకొండు మంది కలిసి నలభై మూడు సార్లు పడ్డారు. "ఆదివారం సాయంత్రంలోగా ఒక్కరినైనా నిలబెట్టు బామ్మర్దీ. లేదంటే సోమవారం హైదరాబాద్ రైలెక్కేయ్," అన్నాడు బావ. సముద్రానికి గురువుగా పోతున్నానని ఊరంతా చాటి వచ్చినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని తిరిగెళ్లను?

ఆదివారం, మా శంషాబాద్ దారిలోని ఆరాంఘర్ నుంచి విహారానికొచ్చిన ఒక అక్క బోర్డు తీసుకుంది. యాభై ఏళ్లుంటాయి. నడుములోతు నీళ్లలో బోర్డు పట్టుకుని నేను, దాని మీద బోర్లా పడుకుని ఆమె.

"ఇది నాలుగోది అక్కా, జర ఆగు."

"ఏందయ్యా, రేషన్ దుకాణం కాడ లైన్ లెక్కపెట్టినట్టు! ఇగ విడువు!"

ఐదో అలకే లేచి నిలబడింది. ఒడ్డుదాకా వచ్చి దిగింది. అదే అలలో మునిగి, తేలి, దగ్గుకుంటూ నేనూ ఒడ్డు చేరాను.

"గిట్లెట్ల నిలబడ్డవక్కా?"

"ఇరవై ఏండ్లసంది ఆరాంఘర్ కాడ బస్సెక్కుతున్న. పట్టుకోనీకి కమ్మీ దొరుకుతదా ఏంది? మోకాళ్లు జర వంచాలె, బ్రేకేస్తే ఊగాలె. గంతే!"

అంతలో బావ పరుగున వచ్చాడు. "ఎవరండీ మీకు నేర్పింది?"

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నా ముక్కులోంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి.

"ఈ తమ్ముడే. మంచిగ నేర్పిండు. జర లెక్కలే ఎక్కువ."

సోమవారం రైలు నేను లేకుండానే పోయింది. అప్పటినుంచి నా పాఠం సిటీ బస్సుతో మొదలయ్యేది. (కార్లలో తిరిగేవాళ్లతోనే కష్టమయ్యేది.) రెండేళ్లకు ఇంటికొచ్చాను. ఇప్పుడు జుట్టు నెరిసింది. మొన్న మేనకోడలు అడిగింది: "మామా, నువ్వెంతసేపు నిలబడ్డవ్?" రెండేళ్లలో మొత్తం నాలుగు సెకన్లన్నాను. మూడేనని బావ అడ్డుపడ్డాడు. పాపం, ఆయన మొదటినుంచీ లెక్కల్లో కాస్త వెనకే.