కుప్పం ప్లాట్‌ఫారం మీద జకాత్

1943, రంజాన్ నెల ఆఖరి రోజులు. నేను కుప్పం స్టేషన్లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌గా చేరి రెండేళ్లయింది. యుద్ధం రోజులు కావడంతో పట్టాల మీద సిపాయిల బండ్లదే పెత్తనం. మిలిటరీ స్పెషల్ వస్తోందంటే ప్రయాణికుల బండి పక్కకైనా తప్పుకోవాలి, తొందరగా ముందుకైనా పోవాలి. బండి కదలాలంటే అవతలి స్టేషన్ నుంచి ‘లైన్ క్లియర్’ రావాలి. అంటే అక్కడిదాకా పట్టాలు ఖాళీగా ఉన్నాయన్న అనుమతి. అది అందుకుని బండిని పంపడం నా పని. వేళకు పంపుతానని నాకు పేరుండేది. ఆ పేరు చూసుకుని కాస్త మురిసిపోయేవాణ్ణి కూడా.

ఆ మధ్యాహ్నం బెంగుళూరు నుంచి జోలార్‌పేట పోయే ప్యాసింజర్ వచ్చి ఆగింది. మామూలుగా పావుగంట ఆగే బండి. ఆ ధీమాతో ఒక పెద్దమనిషి దిగి, ప్లాట్‌ఫారం చివర తువ్వాలు పరిచి నమాజుకు నిలబడ్డాడు. ఇంతలో వెనక స్పెషల్ వస్తోందని కబురు. లైన్ క్లియర్ అందింది. ఆయన నేలకు నుదురు ఆనించి ఉండటం నేను చూశాను. రెండు నిమిషాలు ఆపితే ఎవరి కొంపా మునిగేది కాదు. అయినా ఆపలేదు. గంట కొట్టించాను, గార్డు పచ్చజెండా ఊపాడు. ఆయన నమాజు మధ్యలో తెంచుకుని లేవలేదు. ముగించి లేచేసరికి ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం దాటిపోతోంది.

ఆయన పేరు గఫూర్ సాహెబు. మదనపల్లెలో నూనె మిల్లు ఉంది. వ్యాపారం పని మీద బెంగుళూరు వెళితే, అక్కడికే సేలం నుంచి తంతి వచ్చిందట. కాన్పయిన కూతురికి ప్రాణం మీదికి వచ్చింది, వెంటనే రమ్మని. టికెట్టు, డబ్బు అన్నీ కోటు జేబులో ఉన్నాయి, ఆ కోటూ సంచీ బండిలోనే పోయాయి. వెతికించమని జోలార్‌పేటకు తంతి కొట్టాను. కోటూ లేదు, సంచీ లేదు అని జవాబు వచ్చింది. టికెట్టు లేని మనిషిని ఊరికే ఎక్కించే అధికారం నాకు లేదు. మదనపల్లె నుంచి డబ్బు తెప్పించాలంటే పుంగనూరు మీదుగా మనిషి పోయి రావాలి. అది రెండు రోజుల మాట. సాయంత్రం బండి ఇంకో గంటలో ఉంది. అది తప్పితే మళ్లీ మర్నాడే. కుప్పంలో ఆయనకు తెలిసినవాళ్లెవరూ లేరు.

“నా బిడ్డ రేపటిదాకా ఉంటాదో లేదో మాస్టరప్పా. టికెట్టు డబ్బు అప్పుగా ఇయ్యి. ఇంటికి పోతానే మనియార్డరు పంపిస్తా” అన్నాడాయన.

నా జేబులో డబ్బుంది. చెయ్యి జేబులోకి పోయింది కూడా. కానీ ప్లాట్‌ఫారం మీద బతికేవాడికి ఇలాంటి కథలు కొత్త కాదు. తల్లి పోయిందని ఒకడు, పెళ్లాం ఆసుపత్రిలో ఉందని ఇంకొకడు, అంతకుముందు ముగ్గురు నాకు టోపీ పెట్టి పోయారు. ఆయన బండి తప్పడం కళ్లారా చూసినవాణ్ణి, తప్పించినవాణ్ణి నేనే. అయినా ఆ కూతురి మాట నిజమో కాదో అన్న అనుమానం నన్ను పట్టుకుంది. చెయ్యి బయటికి తీసి, నెలాఖరు సాహెబూ, నా దగ్గర లేవు అన్నాను. ప్రతినెలా చర్చిలో దశమభాగం తప్పకుండా ఇచ్చే క్రైస్తవుణ్ణి నేను. ఆ అబద్ధం నా నోట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ప్లాట్‌ఫారం మీద అరటిపళ్లు, తమలపాకులు అమ్మే ఖాసింబీ ఇదంతా విన్నది. అరవై ఏళ్ల విధవరాలు. గూడ్సు షెడ్డు వెనక ఒంటరిగా ఉండేది. ఆమె గంప దించి నా దగ్గరికి వచ్చి ఒకే ఒక్క మాట అడిగింది.

“ఈయప్ప బండి తప్పినాడంట, నిజమేనా? నువ్వు సూసినావా?”

చూశానన్నాను. గంప చూస్తూ ఉండమని నాకు చెప్పి ఇంటికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో చిన్న గుడ్డ మూట ఉంది. భర్త వదిలిపోయిన వెండి ఆమె దగ్గర కొంత ఉండేది. ముస్లిముల ధర్మంలో ఒక హద్దు దాటిన సొత్తు ఏడాదిపాటు ఉంటే దాంట్లో నలభయ్యో వంతు పేదలకు ఇచ్చి తీరాలి. దాన్నే జకాత్ అంటారు. అది దయతలచి ఇచ్చేది కాదు, కట్టి తీరవలసినది. ఖాసింబీ పూట పూటకూ వెతుక్కునే మనిషే అయినా, ఏటా రంజాన్‌లో అది తీసి ఇచ్చేది.

“ఇది ఈయేటి నా జకాత్. నీకు ఇస్తాండాను, తీసుకో” అన్నది సాహెబుతో.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. “నాకు మిల్లుండాది తల్లీ. నేను జకాత్ ఇచ్చేవాణ్ణి, తీసుకునేవాణ్ణి కాదు. నాకది హరాం. అప్పుగా ఇయ్యి, కళ్లకద్దుకుని తీసుకుంటా.”

“అప్పియ్యడానికి ఇది నాది కాదు గదప్పా. పక్కన తీసి పెట్టినపుడే బీదోళ్లది అయిపోయింది. ఇయ్యాలంతే.”

“నేను బీదోణ్ణి కాదమ్మా.”

“మదనపల్లెలో కాదు. ఈడ నీ దగ్గర యేముండాది? ఇంటికాడ ఎంతున్నా, దారిలో చెయ్యి ఖాళీ అయిన ముసాఫిర్‌కు హక్కుండాదని మా నాయన చెప్పేవాడు. నీకు తెలీదా?”

ఆయనకు తెలుసు. జకాత్ పుచ్చుకోదగిన ఎనిమిది రకాల వాళ్లలో బాటసారి ఒకడని చిన్నప్పుడే చదువుకున్నాడు. ఆ బాటసారి తానే అవుతానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఆయన నావైపు చూశాడు. నేను గోడ మీది గడియారం చూశాను.

బండి వేళ దగ్గర పడుతోంది. ఆ డబ్బు నాకివ్వమ్మా, టికెట్టు తీసి ఆయనకిస్తాను అని చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు.

“ఆయప్ప చేతిలోనే పెట్టాల. దాంతో టికెట్టు కొంటాడో ఇంగేం చేస్తాడో ఆయప్ప ఇష్టం. నేను అడగకూడదు, నువ్వూ అడగకూడదు.”

వెనక్కి వేసిన రెండడుగులూ సాహెబు మళ్లీ ముందుకు వేశాడు. తర్వాత నెమ్మదిగా కుడి చెయ్యి చాపాడు. ఆమె మూట విప్పి నాణేలు ఆయన అరచేతిలో పోసి, ఉపవాసం విడవడానికి నాలుగు అరటిపళ్లు పైన పెట్టి, గంప దగ్గరికి పోయి కూర్చుంది. ఆయన బుకింగ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. నేను ఆ నాణేలే తీసుకుని, టికెట్టు మీద తేదీ గుద్ది ఇచ్చాను. తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను.

రెండు నెలల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. ఆ రాత్రి సేలం చేరేసరికి కూతురికి ఇంకా తెలివి ఉందట. “అబ్బాజాన్, వచ్చినావా” అన్నదట. తెల్లవారేసరికి పోయింది. పసిబిడ్డ బతికింది. మర్నాటి బండికి పోయి ఉంటే ఆ పిలుపు ఆయనకు దక్కేది కాదు.

ఖాసింబీకి ఆయన చీర, డబ్బు తెచ్చాడు. ఆమె రెండూ ముట్టుకోలేదు. జకాత్ తిరిగి పుచ్చుకునేది కాదని, ఆ పొద్దు అది ఆయన హక్కేనని చెప్పింది. ఆయన ఆమె గంప పక్కనే నేల మీద కూర్చున్నాడు.

“ఏటా జకాత్ ఇచ్చేనాడు నా ఇంటి ముందర ఆడోళ్లను ఎండలో వరసగా నిలబెడతా తల్లీ. మొగుడు యాడ, సాక్షి యాడ అని గుమాస్తా చేత అడిగిస్తా. నువ్వు నన్ను ఏమీ అడగలేదే” అన్నాడు.

“బండి తప్పినావా అని అడిగినా గదప్పా” అన్నదామె.

ఇక నాకు దాచుకోవడం చేతకాలేదు. ఆ రోజు నా జేబులో డబ్బుందని చెప్పేశాను.

“తెలుసప్పా. నీ చెయ్యి జేబులోకి పోయి వట్టిదే రావడం సూసినా. నేనైనా అంతే చేసుందును. అందుకే నీ మీద కోపం రాల్యా” అన్నాడాయన.

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

అడగడం తప్పు కాదని ఖాసింబీ దగ్గర నేర్చుకున్నాను. ఆమె కూడా అడిగింది. ఇవ్వడానికి అడిగింది. నేను ఆ అనుమానాలన్నీ తెచ్చుకున్నది ఇవ్వకుండా తప్పించుకోవడానికి. ఆ తర్వాత కూడా ప్లాట్‌ఫారం మీద ఒకరిద్దరు నన్ను మోసం చేశారు. పోతే పోయిందనుకున్నాను.

ఉద్యోగం చేసినన్నాళ్లూ, ప్లాట్‌ఫారం చివర ఎవరైనా నమాజులో ఉంటే బండిని రెండు నిమిషాలు ఆపాను. ఆలస్యానికి కారణం రాయవలసిన చోట ‘ప్రయాణికుడు ఎక్కవలసి ఉంది’ అని రాసేవాణ్ణి. వేళకు పంపుతాడన్న పేరు పోయింది.