మూడు గుంజల ఉయ్యాల

రాజపాళయంలో మా మిల్లు నేసే ఆసుపత్రి గుడ్డ స్పెయిన్‌కు పోతుంది. అక్కడివాళ్ళకు జవాబులు రాసేది నేనే. అందుకే మేనేజరు నన్ను ఆన్‌లైన్ స్పానిష్ క్లాసులో చేర్పించాడు. బిడ్డ పుట్టాక కూడా క్లాసు మానలేదు, పాలిస్తూనే విన్నాను.

ఒకరోజు టీచరు 'త్రబాహో' అనే మాట చెప్పింది. పని అని అర్థం. దాని మూలం లాటిన్‌లో 'త్రిపాలియుం', అంటే మూడు గుంజలట. మనిషిని వాటికి కట్టి హింసించేవాళ్ళట. ఇంగ్లీషులో ట్రావెల్ దాని చుట్టమే, పూర్వం ప్రయాణమంటే అంత నరకం మరి. ట్రావెయిల్ ఇంకా దగ్గరి చుట్టం, పురిటినొప్పులకూ ఆ మాటే వాడేవాళ్ళట. టీచరు నవ్వుతూ చెప్పింది. నాకు అప్పటికి కుట్లు కూడా మానలేదు. నవ్వెక్కణ్ణించి వస్తుంది?

సెలవు అయిపోయింది. ఆఫీసు వెనక ఎవరూ వాడని గది ఉంది, బిడ్డతో మా అమ్మ అక్కడ కూర్చుంటుంది అని మేనేజరును అడిగాను.

"ఇది వేలై చేసే తావమ్మా, పిల్లోళ్ళని పెంచే తావు కాదు. వల్లకాకుంటే మానుకో" అన్నాడు. వేలై అంటే అరవంలో పని.

ఒళ్ళు మండిపోయింది. ఆ గదిలో విరిగిన కుర్చీలకు చోటుంది, నా బిడ్డకు లేదు. ఈయన మాత్రం చెట్టుకు కాశాడా? పైగా గోడ మీద పనే దైవమని అరవంలో పెద్దపెద్ద అక్షరాలు. దైవమట! పనికి హింస అని పేరు పెట్టిన ఆ పాతకాలపువాళ్ళే నయం, ఉన్నమాట చెప్పారు.

ఇంటికొచ్చి గుంజల సంగతితో సహా అంతా అమ్మ ముందు కక్కేశాను. సేత్తూరు చేలల్లో కూలికి పత్తి తీసిన మనిషి ఆమె.

"మూడు కట్టెలా? నిన్ను పెంచినదీ మూడు కట్టెలేనే" అంది. "గట్టున నాటి, పైన కలిపి కట్టి, చీరతో తొట్టిల్ వేసినాను. నువ్వు ఏడిస్తే చేనుగలాయనే వచ్చి ఊపినాడు."

మర్నాడు కట్టెలు షేర్ ఆటో పైన కట్టించి, బిడ్డను ఎత్తుకుని నాతో వచ్చింది. మిల్లులో బళ్ళు నిలిపే షెడ్డు పక్కన మట్టిలో వాటిని నాటింది. వాచ్‌మన్ వద్దనలేదు, కట్టె కదలకుండా ఒక రాయి కూడా అందించాడు. అమ్మ చీర కట్టి బిడ్డను అందులో పడుకోబెట్టింది.

మేనేజరు మెట్లు దిగి వచ్చాడు. "ఏమిది?"

అమ్మ ఊపడం ఆపలేదు. "వేలై చేసే తావన్నారంట కదా సార్. నేనూ అదే చేస్తా ఉండాను. మీరు పోయి మీది చూడండి."