కొట్టున్రి టీచరమ్మా

నాంపల్లిలో మావాడు చదివే క్లాసులోనే ఒకామె కూతురూ చదువుతుంది. మెదక్ వైపు నుంచి వచ్చి అబిడ్స్‌లో చీరల కొట్లో పనిచేసే ఆ తల్లికి ఒకటే మాట. పిల్లను దింపినప్పుడల్లా, "అల్లరి చేస్తే కొట్టున్రి టీచరమ్మా, నేనేమన," అనేది.

ఒక శనివారం టీచరు మా ఇద్దరినీ పిలిచింది. ఆమె పిల్ల ఒక్కచోట కూర్చోదట, మావాడు నోరెత్తడట. ఆమె ఇంకా వరండాలో చెప్పులు విప్పుతుండగానే టీచరు గొంతు తగ్గించి, "కొట్టి పెంచితే అంతేనండీ. మీ ఆంధ్రావాళ్లలా నచ్చజెప్పడం వీళ్లకు రాదు," అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆమె లోపలికొచ్చింది. ఉక్కపోతగా ఉందని టీచరు ఫ్యాను స్విచ్చి వేయబోతూ చెయ్యెత్తింది. బెంచీ మీద ఆ పిల్ల కాళ్లూపుతూనే ఉంది. పక్కనున్న మావాడు మాత్రం రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాడు.

ఆమె వాణ్ణి దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. "ఏం గాదు బిడ్డా, గాలి కోసం. ఎవ్వరు కొట్టరు," అంది. నా వైపు చూడలేదు.

సోమవారం నుంచి మావాడు పక్కనుంటే ఆమె ఆ మాట అనడం మానేసింది.