బాపు దోస్తు అమ్మిన సౌండ్ కార్డు

బొగ్గుబాయిలో డ్రిల్లు మిషను మీద పనిచేసే మా బాపు నాతో అబద్ధమాడుతున్నాడని అనుమానం వచ్చింది, ఒక సౌండ్ కార్డు వల్ల. పిల్లల పాఠాలు చదివి, కంప్యూటర్లో రికార్డు చేసి పంపడం నా పని. గొంతు ఇంకాస్త బాగా రావాలని బాపు తన దోస్తు దుకాణంలో ఆ కార్డు కొని, ఆయనతోనే బిగింపించాడు. ఆ రోజు నుంచే నా గొంతు వెనక ఒకటే చిటపట. పంపిన పాఠాలన్నీ తిరిగొచ్చాయి.

"చిటపట ఏడిది బిడ్డా? మంచిగనే ఇనవడ్తంది గదా" అన్నాడు బాపు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని.

దోస్తును వెనకేసుకొస్తున్నాడనుకున్నాను. దుకాణానికి ఫోన్ చేస్తే ఆయనా అంతే. "కార్డు మంచిదేనమ్మా, మీ కరెంటే సక్కగ లేదు" అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారు, సందేహం లేదు!

నేనూ ఊరుకునే రకం కాదు. హెడ్‌ఫోన్లు మార్చాను. ప్లగ్గు మార్చాను. క్యాబినెట్ విప్పి బొగ్గుపొడి దులిపాను, మా కాలనీలో దానికేం కొదవ లేదు. అయినా పోలేదు. చివరికి సెట్టింగుల్లో వెతికితే దొరికింది. కంప్యూటర్లో మొదటినుంచీ ఉన్న సౌండ్ కార్డు, ఈ కొత్త కార్డు రెండూ ఒకేసారి పనిచేస్తూ ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి. పాతదాన్ని ఆపేశాను. చిటపట ఆగిపోయింది.

దోస్తు పనితనం బయటపెడదామని బాపును కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి పాత రికార్డింగు, కొత్తది, రెండూ వినిపించాను.

"రెండూ ఒక్కతీరుగనే ఉన్నయ్" అన్నాడు.

దోస్తును కాపాడేవాడైతే ఇప్పుడు బాగైందని చేతులు దులుపుకోవచ్చు కదా, ఎందుకనలేదు? హెడ్‌ఫోన్లు ఆయన మెడలోకి దించి, పాతదే స్పీకర్లలో మళ్లీ పెట్టి సౌండ్ పెంచాను. పక్కన నిలబడ్డ నాకే చెవులు జివ్వుమన్నాయి. ఆయన మాత్రం నా మొహం వైపే చూస్తున్నాడు, ఏం జవాబు చెప్పాలో అక్కడ వెతుక్కుంటున్నట్టు.

నాకు భయమేసింది. బాయిలో పైకప్పు కూలేముందు చిటపటమంటుందని, అది చెవిన పడగానే బయటికి ఉరకాలని చెప్పింది ఈయనే.

"ఎన్నాళ్ల సంది ఇనవడ్తలేదు బాపూ?"

వంటింటి వైపు ఓసారి చూశాడు. "మీ అవ్వకు చెప్పకు, బాయికి పోనియ్యది. రిటైర్మెంట్ దగ్గరవడ్డది" అన్నాడు.

"మరి బాయిల కప్పు చప్పుడైతే నీకెట్ల తెలుస్తది?"

మెడలోని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"పక్కోడు ఉరికితే నేను గూడ ఉరుకుత."