మోత లేని ఫ్యాన్లు

రాయపూర్‌లో ఇంటి నుంచే పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పేదాన్ని. ఎండాకాలం వస్తే కంప్యూటర్ వేడెక్కి, లోపలి ఫ్యాన్లు పిండిమరలా మోగేవి. నా మాట పిల్లలకు వినపడేది కాదు. లోకంలో తనకు తెలియనిది లేదనుకునే మా అక్క మొగుడు, నన్ను అడగకుండానే రంగు లైట్లు వెలిగే చిన్న ఫ్యాన్లు తెచ్చి బిగించాడు. మోత ఇంకా పెరిగింది.

“ఆవాజ్ ఉంటేనే హవా బాగా వస్తాది మరదలా. నీకేం తెలుసు?” అన్నాడు.

అంత తెలివితో వాదించడం దండగ. మర్నాడే వాటిని ఊడబీకి, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లు రెండు కొనుక్కొచ్చాను. రెక్క పెద్దదైతే మెల్లగా తిరిగినా సరిపడా గాలి తోస్తుంది. ముందున్నది చల్లగాలిని లోపలికి లాగేలా, వెనకది వేడిని బయటికి పంపేలా బిగించాను. గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆదివారం బావ అక్కతో కలిసి వచ్చి కంప్యూటర్ వైపు చూశాడు.

“బంద్ చేసేశావా?”

“నడుస్తోంది బావగారూ. వెనక చెయ్యి పెట్టి చూడండి.”

పెట్టాడు. వేడిగాలి తగిలింది. వెంటనే అక్క వైపు తిరిగి, “చూశావా, నేను బిగించినవి! కొన్నాళ్లకి ఆవాజ్ దానంతటదే తగ్గుద్ది” అన్నాడు.

లైట్లు లేవన్న సంగతైనా చూడని మనిషికి ఏం చెప్పను? టీ ఇచ్చి పంపేశాను.